మా అమ్మకు ఎన్ని భాషలు వచ్చు? యూజీసీ అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన యూజీసీ అధ్యక్షుల వారికి,



నేను జహీరాబాద్‌లో ఉంటాను. ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ కాలేజీల్లో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్లలో పుస్తకాలు చేతికివ్వడం కన్నా ఎక్కువగా నేను చేసిన పని ఒకటుంది. మా అధ్యాపకులు రాసిన పరిశోధన వ్యాసాలను ప్రపంచంలో ఎవరెవరు, ఎన్నిసార్లు ఉదహరించారో వెతకడం, ఆ అంకెలతో పట్టికలు నింపడం, అడిగినవారికల్లా పంపడం. ప్రమోషన్‌కు ఒక పట్టిక, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందానికి ఒకటి, ర్యాంకింగుకు ఇంకొకటి. ఆ పట్టికల్లో నేను నింపిన గళ్ల గురించీ, వాటిలో ఇమడక బయటే మిగిలిపోయిన మనుషుల గురించీ మీకు చెప్పుకోవాలని ఈ ఉత్తరం.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, నేను చెప్పబోయే విషయమే భాషల గురించి. ఎవరి మాట లెక్కలోకి వస్తుంది, ఎవరి మాట రాదు అన్నదాని గురించి. మీ కార్యాలయంలో తెలుగు చదివేవారు తప్పక ఉంటారు. దయచేసి వారి చేత చదివించుకోండి.

మా జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. పటంలో గీత మారింది గానీ జనం రాకపోకలు మారలేదు. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికి కర్ణాటక నుంచీ మహారాష్ట్ర నుంచీ నేటికీ జనం వస్తారు. అంగడిలో నిలబడితే ఒక అల్లం కుప్ప చుట్టూనే మూడు నాలుగు భాషలు వినబడతాయి. అమ్మేవాళ్లు తెలుగులో పలకరిస్తారు, షావుకారు ఉర్దూలో ధర కడతాడు, బీదర్ నుంచి వచ్చిన మనిషి కన్నడంలో బేరమాడతాడు, తండా ఆడవాళ్లు తమలో తాము లంబాడీలో మాట్లాడుకుని మనతో తెలుగులో తెగ్గొడతారు. ఎవరూ దీన్ని విద్య అనుకోరు. గాలి పీల్చినంత మామూలుగా చేస్తారు.

మా అమ్మ ఆ అంగడిలోనే నలభై ఏళ్లు అల్లం, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి అమ్మింది. బడి గడప తొక్కలేదు. ఆ అమ్మకంతోనే నన్ను చదివించింది. డెబ్భై ఆరో ఏట ఆమెకు మతిమరుపు మొదలైంది. వండిన కూర మళ్లీ పొయ్యి మీద పెట్టేది. చనిపోయిన మా మేనమామ ఇంకా రాలేదేమని వాకిట్లో కూర్చునేది. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ కుర్ర డాక్టరు ఒకాయన ఫారం నింపుతూ అడిగాడు.

"ఎన్ని భాషలు వచ్చమ్మా నీకు?"

"నాకేం భాషలొస్తయి బిడ్డా, తెలుగొక్కటే. బడికి పోలె."

ఆయన ఫారంలో 1 అని వేశాడు. పక్కనే ఉన్న నేను కూడా ఏమీ అనలేదు. లైబ్రేరియన్‌ని, డిగ్రీలున్నదాన్ని, నాకూ తట్టలేదు. కాసేపటికి అమ్మకు దాహమైంది. తలుపు దగ్గరున్న ఆయా వైపు తిరిగి, "పానీ కాఁ మిల్తా బేటీ?" అంది. ఆయా నీళ్లు తెచ్చిచ్చి, ఎక్కడి నుంచి వచ్చావని ఉర్దూలోనే అడిగితే, మా ఊరి సంగతీ మిర్చి ధర సంగతీ అదే భాషలో చెప్పుకుంటూ పోయింది. అవతల బల్ల దగ్గర వేరే రోగిని చూస్తున్న పెద్ద డాక్టరమ్మ తల తిప్పి చూసింది. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, "అంగడిలో మీ అమ్మగారు ఎవరితో ఏ మాట మాట్లాడేవారు? బేరం ఏ భాషలో చేసేవారు? డబ్బులు ఏ భాషలో లెక్కపెట్టేవారు?" అని ఒక్కొక్కటే అడిగింది. నేను చెబుతూ పోయాను. ఉర్దూ గలగలా మాట్లాడుతుంది. బీదర్ వాళ్లతో కన్నడంలో పోట్లాడుతుంది కూడా. చిల్లర లెక్క చారాణా, ఆఠాణాలతోనే. డాక్టరమ్మ ఫారం తీసుకుని 1ని కొట్టేసి, పక్కన 3 వేసింది.

మా అమ్మ అబద్ధం చెప్పలేదు. బడిలో నేర్చుకున్నదే భాష అని ఆమె నమ్మకం. బతుకుదెరువు కోసం నేర్చుకున్నది ఆమె లెక్కలో భాషే కాదు. అడిగిన తీరును బట్టి జవాబు వచ్చింది. రెండోసారి అడగడం తెలిసిన మనిషి అక్కడ ఉండబట్టి సరైన అంకె కాగితం మీదికి ఎక్కింది.

ఆ డాక్టరమ్మ అలా ఎందుకు అడిగిందో ఇంటికొచ్చాక వెతికాను. వెతకడం నా వృత్తి కదా. దొరికింది హైదరాబాద్‌లోనే పుట్టిన ఒక పరిశోధన.

2013 నవంబరులో 'న్యూరాలజీ' అనే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. మొదటి రచయిత డాక్టర్ సువర్ణ అల్లాడి. అప్పట్లో ఆమె పంజాగుట్ట నిమ్స్‌లో నాడీ వైద్యురాలు, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలను ఆ బృందం పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒక్క భాషే మాట్లాడేవారికి జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు భాషలవారికి 65.6 ఏళ్లకు మొదలైంది. తేడా నాలుగున్నరేళ్లు. అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను చూసి ఇలాంటి తేడానే గమనించింది. కానీ అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. తేడా భాషల వల్లనా, వలస వల్లనా, చదువు వల్లనా అన్న అనుమానం ఉండిపోయింది. హైదరాబాద్‌లో ఆ అనుమానానికి తావు తక్కువ. ఇక్కడ రెండు భాషలు మాట్లాడటానికి ఎవరూ వలస రానక్కర్లేదు, పక్కింట్లో పుడితే చాలు. చదువు సంగతి ఇంకా ముఖ్యం. ఏ చదువూ లేనివారిలో కూడా రెండు భాషలవారికి జబ్బు దాదాపు ఆరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. రెండుకు మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు మేలు కనబడలేదని కూడా వారు దాచకుండా రాశారు.

ఆ వ్యాసంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ అంకెలు కాదు. రెండు భాషలు వచ్చినవారు అంటే ఎవరు అన్న నిర్వచనం. సర్టిఫికెట్ అడగలేదు, చదవడం రాయడం అడగలేదు. రోజువారీ బతుకులో తన అవసరాలకూ, చుట్టూ ఉన్నవారి అవసరాలకూ రెండు భాషల్లో మాట్లాడి నెగ్గుకురాగలిగితే చాలన్నారు. ఆ సంగతి రోగి ఇంటివారిని అడిగి తెలుసుకున్నారు. మా అమ్మలాంటివాళ్లు సరిగ్గా ఆ నిర్వచనంలో నిలబడతారు. మా అమ్మ ఆ 648 మందిలో లేదు, ఆమె జబ్బు పడింది చాలా ఏళ్ల తర్వాత. కానీ ఆమె కాగితం మీద 1 పోయి 3 వచ్చిందంటే, ఆ పరిశోధన నేర్పిన ప్రశ్న వల్లనే అనుకుంటాను.

ఇప్పుడు నా వృత్తి విషయానికి వస్తాను. ఈ వ్యాసం విలువ ఎంత అని నన్ను అడిగితే, పాత అలవాటు ప్రకారం నేను కంప్యూటర్ ముందు కూర్చుని సైటేషన్లు లెక్కపెట్టాలి. ఒక వ్యాసం రాసినవారు తమ ఆధారాల పట్టికలో మరొక వ్యాసాన్ని చూపిస్తే ఆ రెండోదానికి ఒక సైటేషన్. ఈ వ్యాసానికి అవి చాలా ఉన్నాయి, ప్రపంచమంతటా ఉన్నాయి. గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఒక అంకె, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకొక అంకె కనబడతాయి. ఒక్కో సంస్థ ఒక్కో రకం పత్రికలను లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి మూడూ ఎప్పుడూ కలవవు. ఒకే మనిషి ఒకే రోజున మూడు రకాల పరిశోధకుడిగా కనిపిస్తాడు.

సైటేషన్ మెచ్చుకోలు కాదన్న సంగతి కూడా నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. హైదరాబాద్ వ్యాసాన్ని ఉదహరించినవారిలో ఒప్పుకున్నవారూ ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను ఏళ్ల తరబడి వెంట ఉండి చూసిన కొన్ని అధ్యయనాల్లో భాషల వల్ల ఇంత తేడా కనబడలేదు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. శాస్త్రం నడిచేదే అలా. పట్టికలో మాత్రం మెచ్చుకున్నదీ ఒకటే, కాదన్నదీ ఒకటే, చదవకుండా తగిలించినదీ ఒకటే.

ఈ లెక్కను మొదలుపెట్టినాయన ఉద్దేశం వేరు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో సైటేషన్ సూచిక ఆలోచనను ప్రతిపాదించారు. కోర్టు తీర్పుల్లో ఏ పాత తీర్పును తర్వాత ఎవరు ఉదహరించారో, ఎవరు కొట్టేశారో చూపే న్యాయవాదుల సూచికలు అమెరికాలో అప్పటికే ఉన్నాయి. శాస్త్రానికీ అలాంటిది ఉంటే, ఒక ఆలోచన ఎక్కడికి పోయిందో, దాన్ని ఎవరు ప్రశ్నించారో వెతుక్కోవచ్చని ఆయన ఆశ. 1964లో ఆ సూచిక అచ్చయి వచ్చింది. అది దారి వెతుక్కోవడానికి పెట్టిన దీపం. మేము దాన్ని తక్కెడ చేసి మనుషులను తూయడం మొదలుపెట్టాం. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ తెచ్చాక ఆ తూకం ఇంకా సులువైంది. ఒకరి వ్యాసాల్లో పదింటికి ఒక్కొక్కదానికి కనీసం పది సైటేషన్లు ఉంటే హెచ్-ఇండెక్స్ 10. మనిషి జీవితమంతా ఒకే అంకెలో పడుతుంది కాబట్టి ఇంటర్వ్యూ బోర్డులకు అది మహా సౌకర్యం.

ఆ సౌకర్యం ఏం మింగేస్తుందో మన తెలుగువాడి కథే చెబుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన శాస్త్ర వ్యాసాల్లో అదొకటి. దశాబ్దాల పాటు వేల మంది దాన్ని వాడారు. హెచ్-ఇండెక్స్‌లో ఆ ఒక్క వ్యాసం విలువ ఒక్కటంటే ఒక్కటి. సుబ్బారావు గారి కాలంలో ఈ లెక్కలేవీ లేవు. హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు దక్కక ఆయన 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు, 1948లో కన్నుమూశారు. అంకెలు లేని రోజుల్లో కూడా న్యాయం జరగలేదన్నమాట. ఈ సంగతి మరిచిపోను, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అయ్యా, ఇప్పుడు మీ నిబంధనల గురించి నేరుగా మాట్లాడనివ్వండి. 2018 జులైలో మీ సంస్థ ఇచ్చిన నిబంధనల్లో పరిశోధనకు పాయింట్ల పట్టిక ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని పత్రికలో వ్యాసానికి 5 పాయింట్ల దగ్గర మొదలై, అది 10 దాటిన పత్రికకు 30 దాకా పోతుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఆ పత్రిక వ్యాసాలకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క. అంటే మన వ్యాసానికి మన పక్కవారి వ్యాసాలను చూసి మార్కులు వేస్తున్నారు. ఆ పాయింట్లను పంచే పద్ధతి కూడా అందులోనే ఉంది. రచయితలు ఇద్దరైతే చెరో 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, తక్కిన ప్రతి ఒక్కరికీ 30 శాతం.

ఈ పట్టికలో నేను హైదరాబాద్ వ్యాసాన్ని పెట్టి చూశాను. దాని రచయితలు ఎనిమిది మంది. సువర్ణ అల్లాడితో పాటు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి థామస్ బాక్, ఉస్మానియా నుంచి భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ శాస్త్రవేత్త సూరంపూడి బాపిరాజు, నిమ్స్ నాడీ వైద్యులు సుభాష్ కౌల్, ఇంకొందరు. వ్యాసానికి 25 పాయింట్లు అనుకుందాం. మొదటి రచయితకు 17.5, మిగతా ఏడుగురికీ తలా 7.5.

ఇప్పుడు ఆలోచించండి. వైద్యులకు మెదడు తెలుసు. కానీ ఒక మనిషికి రెండు భాషలు వచ్చో రావో తేల్చడం భాషాశాస్త్రం పని. ఆ విద్య తోడు లేకపోతే ఆ 391 అన్న అంకె మీద ఎవరికీ నమ్మకం కుదరదు. అంత పనికి పట్టిక ఇచ్చేది 7.5. ఏ పనీ చేయకుండా పెద్ద కుర్చీలో ఉన్నందుకు ఒక వ్యాసంలో పేరు చేర్పించుకున్న మనిషికి కూడా, సరిగ్గా అదే 7.5. పైగా ఎనిమిది మంది పాయింట్లూ కూడితే 70 అవుతాయి, 25 విలువ చేసే వ్యాసానికి. పేర్లు చేర్చేకొద్దీ మొత్తం పెరుగుతుంది. నిజంగా కలిసి పనిచేసినవారికీ, పేరు అరువిచ్చినవారికీ ఒకే వాటా ఇచ్చే లెక్క ఇది. నేను పదేళ్లు ఇలాంటి గళ్లు నింపాను. ఒక అధ్యాపకుడి పేరు పదిహేనో స్థానంలో ఉన్న వ్యాసాన్ని ఆయనే చదవలేదని తెలిసి కూడా 30 శాతం వేశాను. గడిలో అడిగింది ఆయన చదివాడా అని కాదు కదా.

సహకారాన్ని కొలిచే మరో కొలత, విదేశీ రచయిత ఉన్నాడా లేడా అన్నది. విదేశీ పేరుంటే వ్యాసాన్ని ఎక్కువమంది చూస్తారు, అది నిజమే. థామస్ బాక్ లాంటివారు ఈ పరిశోధనకు తెచ్చిన బలాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎడిన్‌బరోతో కలవడం కన్నా, పంజాగుట్ట నుంచి ఉస్మానియాకు, అక్కడి నుంచి గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి బాట వేసుకోవడమే మన దగ్గర ఎక్కువ కష్టమని ఒక విశ్వవిద్యాలయంలో తిరిగిన ఎవరైనా చెబుతారు. ఒకే ఊళ్లో, వేర్వేరు శాఖల వాళ్లు, వైద్యుడూ భాషావేత్తా కంప్యూటర్ శాస్త్రవేత్తా ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి మీ పట్టికలో గడి లేదు. ఆ బల్ల మీదే ఇంకో పని జరిగింది. 2016లో 'స్ట్రోక్' పత్రికలో వచ్చిన వారి వ్యాసం ప్రకారం, పక్షవాతం వచ్చిన 608 మందిలో తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒక్క భాషవారిలో 19.6 శాతం.

సైటేషన్ కంటికి ఆనని ఇంకో రకం పనుంది. నల్గొండ ఫ్లోరోసిస్ సంగతే తీసుకోండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఎముకలు పెరిగి, వెన్నుపాము నొక్కుకుపోయి, నడుం వంగి కాళ్లు పడిపోయిన మనుషులను మనం కళ్లారా చూశాం. 1955లోనే ఎ. హెచ్. సిద్దిఖీ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో నల్గొండ ఫ్లోరోసిస్ గురించి రాశారు. తర్వాత నాడీ శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి ఈ జబ్బు వెన్నుపామునూ నరాలనూ ఏం చేస్తుందో ఏళ్ల తరబడి నమోదు చేశారు. 1970ల్లో నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా పోయింది. ఇది ఏ పట్టికలో వస్తుంది? అమెరికాలోనో యూరప్‌లోనో అంతగా కనబడని జబ్బు మీద రాసిన వ్యాసాన్ని అక్కడివారు ఎందుకు ఉదహరిస్తారు? ఉదహరించేవారు తక్కువ కాబట్టి పని తక్కువదని అనగలమా? ఒక బిందెడు నీళ్లు తేరుకుంటే దానికి సైటేషన్ రాదు.

ఈ మాట నా ఒక్కదానిది కాదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్రవేత్తలూ సంపాదకులూ, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని తూయవద్దని ఒక ప్రకటన తయారుచేశారు. 2015లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాలు చెప్పింది. స్థానిక అవసరాలకు సంబంధించిన పరిశోధనను కాపాడాలన్నది అందులో ఒకటి. మన దేశంలో ఇంకా ముందే, 1948లో, గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయ పనికి గణితాన్ని వాడాలని ఇంగ్లండ్‌లో ఒక సభలో ప్రతిపాదించారు. లెక్కలంటే నాకు శత్రుత్వం లేదు. నా వృత్తికి గురువే లెక్కలు నేర్పారు. పాఠకుడికి మేలు జరగడానికే ఆ లెక్క అని కూడా ఆయనే నేర్పారు.

అంకెలు ఎందుకు వచ్చాయో కూడా నాకు తెలుసు. అవి రాకముందు ఎలా ఉండేదో మా తరం చూసింది. ఎవరి మనిషి, ఏ కులం, ఎవరి చేత ఫోన్ చేయించాడు అన్నదాన్ని బట్టి ప్రమోషన్లు నడిచిన రోజులు ఉన్నాయి. అండదండలు లేని పల్లెటూరి కుర్రవాడికి, మొదటి తరం చదువుకున్న ఆడపిల్లకు, అంకె ఒక ఆయుధమైంది. "నా వ్యాసాలివిగో, నా సైటేషన్లివిగో, కాదనండి చూద్దాం" అని బోర్డు ముందు నిలబడే ధైర్యాన్ని ఇచ్చింది. సుబ్బారావు గారికి ఆ రోజుల్లో అలాంటి కాగితం ఒకటి చేతిలో ఉంటే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. కాబట్టి అంకెలు తీసేయమని అడగను. తీసేస్తే ఆ ఖాళీలోకి మళ్లీ సిఫారసే వచ్చి కూర్చుంటుంది. అంకెను ఒంటరిగా వదలవద్దని మాత్రం అడుగుతున్నాను.

2025 జనవరిలో మీ సంస్థ విడుదల చేసిన ముసాయిదా ఈ పాయింట్ల పట్టికను పక్కన పెట్టి, అధ్యాపకుల చెప్పుకోదగిన కృషిని తొమ్మిది రంగాల్లో చూడాలంది. భారతీయ భాషల్లో బోధన అందులో ఒకటి. ఆ దారి మంచిదే. ఆ దారిలో నడిచేటప్పుడు నాలుగు విషయాలు మనసులో పెట్టుకోమని మనవి.

మొదటిది, చదివించండి. ప్రమోషన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరినీ తన వ్యాసాల్లో మేలైన ఐదింటిని ఎంచుకోమనండి. ఆ రంగం తెలిసిన ఇద్దరు బయటివారు వాటిని పూర్తిగా చదివి, ఏం కనుగొన్నారో ఒక పేజీలో రాయాలి. సైటేషన్ల అంకె ఆ తర్వాతే తెరవాలి. నేరుగా చదివి రాసిన పేజీ మీద సంతకం ఉంటుంది కాబట్టి సిఫారసుకు కూడా అది కాస్త అడ్డుకట్ట. చదవడానికి దొరకదన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ఇన్ని కోట్లు పెట్టి పత్రికలు తెప్పించుకున్నది వాటిని లెక్కపెట్టడానికా, చదవడానికా?

రెండోది, 70, 30 శాతాల పంపకం మళ్లీ ఏ రూపంలోనూ రానివ్వకండి. ఎవరు ఆలోచన చేశారు, ఎవరు రోగులను చూశారు, ఎవరు కొలత తయారుచేశారు, ఎవరు రాశారు అని రచయితలే వ్యాసం చివర చెప్పే పద్ధతి ఇప్పుడు చాలా పత్రికల్లో ఉంది. దాన్ని అడగండి. పని చెప్పలేని పేరుకు సున్నా వేయండి. కొలత తయారుచేసిన మనిషి ఏ శాఖవారైనా మొదటి వరసలో కూర్చోబెట్టండి.

మూడోది, ఇంటి పక్క సహకారాన్ని విదేశీ సహకారంతో సమానంగా చూడండి. విశ్వవిద్యాలయమూ ఆసుపత్రీ, వైద్యుడూ భాషావేత్తా, పరిశోధకుడూ జిల్లా ఆసుపత్రి నర్సూ కలిసి చేసిన పనికి చోటివ్వండి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పరిశోధన ఎవరి మీద జరిగిందో వారికి వారి భాషలో ఏం చెప్పారు అని అడగండి. ఆ 648 మంది పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు, ఉండకూడదు కూడా. కానీ వారు ఇచ్చినదాని మీదే ఇన్ని సైటేషన్లు నిలబడతాయి. మా జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంగం రేడియో నడుస్తోంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపే రేడియో అది. చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి, తమ పాటలూ కథలూ తామే చెప్పుకుంటారు. ఒక మెదడు శాస్త్రవేత్త వచ్చి ఆ మైకు ముందు కూర్చుని, "అవ్వా, నువ్వు అంగడిలో రెండు భాషలు మాట్లాడతావు చూడు, దాని గురించి మేం ఇలా కనుక్కున్నాం, ఇంకా ఇది తేలాల్సి ఉంది" అని పావుగంట చెబితే, అది ఒక పరిశోధకుడి కృషిలో భాగం అవుతుందా, అవదా? మీ నిబంధనల్లో అవును అని ఒక్క మాట రాయండి. మిగతాది మా పల్లెలు చూసుకుంటాయి. తమ భాషను పోగొట్టుకుని పిల్లలతో ఇంగ్లిషొక్కటే మాట్లాడాలని ఆరాటపడుతున్న తల్లిదండ్రులకు కూడా ఆ పావుగంట చాలా అవసరం.

మా అమ్మ ఇప్పుడు నన్ను కొన్నిసార్లు గుర్తుపట్టదు. ఈ మధ్య ఒక సాయంత్రం పక్కింటి ఖాలా వచ్చి మంచం మీద కూర్చుంటే, ఆమెతో ఉర్దూలో ధర కట్టి లేని అల్లం అమ్మింది. ఆమె కొన్నట్టే లేచి వెళ్లింది. రెండు భాషలు జబ్బును ఆపవని, ఆపినా కొన్నేళ్లేనని నాకు తెలుసు. ఆ కొన్నేళ్లలో ఆమె నా కూతురి పెళ్లి చూసింది, తన చేత్తో మనవరాలికి తలంబ్రాల బియ్యం కలిపింది. అలాంటి కొన్నేళ్ల గురించి ఆలోచించే శాస్త్రానికి విలువ కట్టే పని మీది. అది చిన్న పని కాదు.

ఆసుపత్రిలో ఫారం మీద 1 కొట్టేసి 3 వేయడానికి ఆ డాక్టరమ్మకు పట్టింది అయిదు నిమిషాలు. లేచి వచ్చి, పక్కన కూర్చుని, ఇంకోలా అడిగినందుకు. ఒక పరిశోధకుడి కాగితాలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ అయిదు నిమిషాలకు మీ నిబంధనల్లో చోటివ్వండి.

ఇట్లు,
జహీరాబాద్ నుంచి
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్